ఎంబీబీఎస్ తర్వాత పబ్లిక్ హెల్త్: అమెరికా వెళ్ళాలా, హైదరాబాద్‌లోనే ఉండాలా?

కోఠి హౌస్ సర్జన్:

అందరికీ నమస్తే. నేను కోఠిలో హౌస్ సర్జన్సీ చేస్తున్నాను. ఇంకో నాలుగు నెలల్లో అయిపోతుంది. మా బ్యాచ్‌లో పొద్దున లేస్తే నీట్ పీజీ మాటే. నాకు మాత్రం కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగ్‌లో బస్తీలకు వెళ్ళొచ్చినప్పటి నుంచి మనసు అటే లాగుతోంది. ఒకే గల్లీలో, ఒకే వారంలో ఎనిమిది మంది పిల్లలకు విరేచనాలు. వార్డులో కూర్చుంటే అవి ఎనిమిది కేస్ షీట్లు. గల్లీలోకి వెళ్ళి చూస్తే అందరికీ ఒకటే నల్లా పైపు, అదీ మోరీని ఆనుకుని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇంట్లో చెప్పాను. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు. అమ్మ "ఐదున్నరేళ్ళు చదివి మోరీల వెంట తిరుగుతావా" అని ఏడ్చింది. న్యూజెర్సీలో ఉండే మా మేనమామ పబ్లిక్ హెల్త్‌లో మాస్టర్స్, అంటే ఎంపీహెచ్‌కి వచ్చెయ్యమంటున్నాడు. అక్కడ పబ్లిక్ హెల్త్‌కి గౌరవం ఉంటుంది, రెండేళ్ళలో సెటిల్ అయిపోవచ్చు అంటున్నాడు. లోన్ కోసం ఫ్లాట్ కాగితాలు బ్యాంకులో పెట్టాలి.

ఇక్కడ ఎంబీబీఎస్ చదివి వెళ్ళినవాళ్ళు అక్కడ నిజంగా ఒక జిల్లా ఆరోగ్యశాఖను నడిపే స్థాయికి వెళ్ళగలరా? వెళ్ళినవాళ్ళు ఏ దారిలో వెళ్ళారు? ఇక్కడే ఉంటే ఏం చేయొచ్చు? చాలా టెన్షన్‌గా ఉంది. అనుభవం ఉన్నవాళ్ళు దయచేసి చెప్పండి.

కూకట్‌పల్లి టు డాలస్:

మీ మేనమామ గారు మీ మంచి కోరే చెప్పి ఉంటారు. కానీ "రెండేళ్ళలో సెటిల్" అన్న మాట మీద ఆధారపడి ఫ్లాట్ కాగితాలు పెట్టకండి. నేనూ ఎంబీబీఎస్ తర్వాత 2019లో ఎంపీహెచ్‌కి వచ్చాను. చదువు చాలా బాగుంది, దానికి వంక పెట్టను. కష్టం చదువయ్యాక మొదలవుతుంది. ఓపీటీ (చదువయ్యాక స్టూడెంట్ వీసా మీదే ఇచ్చే పని అనుమతి) మీద 12 నెలలు పని చేసుకోవచ్చు. మామూలు ఎంపీహెచ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ కోర్సుల జాబితా) కిందికి రాదు. ఎపిడెమియాలజీ (జబ్బులు ఎలా వ్యాపిస్తాయో చదివే శాస్త్రం) కోడ్‌తో ఉన్న కోర్సయితే ఇంకో 24 నెలలు పొడిగింపు వస్తుంది. నేను జనరల్ కోర్సులో చేరాను, ఈ తేడా నాకు రెండో సెమిస్టర్‌లో తెలిసింది. మీరు చేరేముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి కోర్సు కోడ్ అడగండి.

కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆరోగ్యశాఖల్లో నలభై చోట్ల అప్లై చేశాను. ఇంటర్వ్యూ బాగా జరిగిన చోట కూడా వీసా మాట రాగానే వెనక్కి తగ్గేవాళ్ళు. చివరికి యూనివర్సిటీకి అనుబంధంగా ఉన్న ఒక హాస్పిటల్‌లో డేటా ఉద్యోగం దొరికింది, అలాంటి చోట హెచ్-1బీ ఉద్యోగ వీసాకి లాటరీ ఉండదు కాబట్టి నిలబడ్డాను. 2025 సెప్టెంబరు నుంచైతే బయటి దేశంలో ఉన్నవాళ్ళకు కొత్తగా పెట్టే హెచ్-1బీ మీద లక్ష డాలర్ల ఫీజు కూడా వచ్చింది.

ఉద్యోగం మంచిదే, అప్పు తీరుతోంది. కానీ ఆరేళ్ళు దాటింది నేను ఒకరి ఛాతీ మీద స్టెత్ పెట్టి. రెసిడెన్సీ (హాస్పిటల్‌లో జీతంతో చేసే స్పెషాలిటీ శిక్షణ) చేయకుండా ఇక్కడ మనం డాక్టర్లం కాము. శాఖను నడిపే కుర్చీ కావాలనుకుంటే ముందు ఆ సంగతి ఆలోచించుకోండి.

తార్నాక, 1988 బ్యాచ్:

అమ్మా, నీ పోస్టు రాత్రి చదివాను. పొద్దున్నే కాఫీ పెట్టుకుని ఇది రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

నేనూ కోఠి కాలేజీలోనే చదివాను. అమెరికాలో 27 ఏళ్ళున్నాను. చివరి 11 ఏళ్ళు మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న కౌంటీకి హెల్త్ ఆఫీసర్‌గా చేసి, 2023లో రిటైరై తార్నాక వచ్చేశాను. కౌంటీ పేరు రాయను, అక్కడి మనుషుల జబ్బుల గురించి చెప్పాలి కాబట్టి.

నా కథ అమెరికాలో మొదలవలేదు. 1994 సెప్టెంబరులో మొదలైంది. అప్పుడు నేను నీలాగే హౌస్ సర్జన్‌ని. సూరత్‌లో ప్లేగు అని పేపర్లో వచ్చింది. సూరత్ మగ్గాల మీద మన తెలుగు నేతవాళ్ళు ఎంతమంది బతుకుతున్నారో నీకు తెలిసే ఉంటుంది. దొరికిన రైలెక్కి వచ్చేశారు. హైదరాబాద్‌లో మెడికల్ షాపుల ముందు టెట్రాసైక్లిన్ కోసం లైన్లు. మా ఓపీకి ఒక కుటుంబం వచ్చింది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, నలుగురికీ ముక్కుకు చేతిరుమాళ్ళు. అతనికి జ్వరం, దగ్గు. చేర్చుకున్నాం. కఫం పరీక్షకు పంపాను, మందులు మొదలుపెట్టాను, అన్నీ సరిగ్గా చేశానన్న ధైర్యంతో మా ఎస్పీఎం (కమ్యూనిటీ మెడిసిన్) ప్రొఫెసర్ గారికి చెప్పాను. ఆయన ఒకటే అడిగారు: "భార్యాపిల్లలు ఏ ఇంట్లో దిగారు?"

నేను అడగలేదు. వాళ్ళు అప్పటికే గేటు దాటి వెళ్ళిపోయారు.

అఫ్జల్‌గంజ్ బస్టాపు దాకా పరుగెత్తాను. ఆమె అక్కడే ఉంది, స్టీలు క్యారియర్ ఒళ్ళో పెట్టుకుని, చిన్నవాడు భుజం మీద నిద్రపోతున్నాడు. నన్ను చూసి భర్తకేదో అయిందనుకుని లేచి నిలబడింది. ఆమెతో కలిసి అదే బస్సెక్కాను. మల్లేపల్లిలో వాళ్ళ చిన్నమ్మ ఇల్లు. ఒకటే గది, అందులో పదకొండు మంది, మూలన ఆరునెలల బాలింత. ఒక్కొక్కరి పేరు, వయసు, జ్వరం ఉందా లేదా అని పిల్లవాడి నోటుబుక్కులోంచి చింపిన కాగితం మీద రాసుకున్నాను. తర్వాత తేలింది, అతనికి ప్లేగు కాదు, మామూలు నిమోనియా. కానీ ఆ గది చూశాక నేను మళ్ళీ ఓపీలో ఎవరినీ ఒక్కరిగా చూడలేకపోయాను.

1996లో పెళ్ళి, హెచ్-4 (భర్త ఉద్యోగ వీసాను బట్టి భార్యకిచ్చే వీసా) మీద ప్రయాణం. ఆ రోజుల్లో హెచ్-4 మీద జీతం వచ్చే పని ఏదీ చేయకూడదు. ఒక ఉచిత క్లినిక్‌లో వాలంటీరుగా ఫైళ్ళు సర్దేదాన్ని. పేషంటును ముట్టుకోకూడదు. పక్క గదిలో దగ్గు వినిపిస్తే చేతులు కట్టేసినట్టుండేది. ఫోన్‌లో ఒకసారి ఏడిస్తే నాన్న ఉత్తరం రాశారు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1920ల మొదట్లో బోస్టన్ వెళ్ళినప్పుడు ఆయన వైద్య డిగ్రీ అక్కడ చెల్లలేదనీ, హాస్పిటల్‌లో రాత్రిపూట పోర్టరుగా పనిచేసి చదువుకున్నారనీ, ఫైలేరియాకు మనం మింగే డీఈసీ మాత్ర ఆయన నడిపిన ప్రయోగశాలలోంచే వచ్చిందనీ రాసి, చివర "నువ్వు ఫైళ్ళు శ్రద్ధగా సర్దు" అన్నారు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది.

అక్కడ రెసిడెన్సీలో చేరడానికి పెట్టే పరీక్షల్లో రాతవి కష్టం కాలేదు. 1998లో విదేశీ డాక్టర్లకు కొత్తగా పేషంటును పరీక్షించి చూపించే టెస్టు పెట్టారు. అప్పట్లో ఎక్కడ ఉన్నవాళ్ళయినా ఫిలడెల్ఫియా వెళ్ళాల్సిందే. పేషంటుగా నటించేవాళ్ళే మనకు మార్కులు వేసేవాళ్ళు. మొదటిసారి తప్పాను. జబ్బు కనుక్కున్నాను, మందు చెప్పాను, కానీ అవతలి మనిషి మాట పూర్తయ్యేదాకా ఆగలేదు. వందల మంది నిలబడే ఓపీలో అలవాటైన తొందర అది. ఆ అలవాటు మార్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. తర్వాత నా ఉద్యోగమంతా దాని మీదే నడిచింది.

తర్వాత సంగతి త్వరగా చెప్తాను. ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ, జే-1 వీసా మీద. జే-1 అయితే చదువయ్యాక రెండేళ్ళు సొంత దేశానికి వెళ్ళాలి, లేదా డాక్టర్లు చాలని ఊళ్ళో మూడేళ్ళు పనిచేసి ఆ నిబంధన మాఫీ చేయించుకోవాలి. ఒక్కో రాష్ట్రానికి ఏడాదికి ఇన్ని అని లెక్క ఉంటుంది, ఇప్పుడు 30. అలా నేను పడిన ఊళ్ళో ఒక కోళ్ళ ఫ్యాక్టరీ, చుట్టూ మొక్కజొన్న చేలు. కార్మికుల్లో ఎక్కువమంది గ్వాటెమాలా, మెక్సికో వాళ్ళు. అక్కడే ఒక టీబీ కేసు నన్ను కౌంటీ ఆఫీసు మెట్లెక్కించింది.

ఆమె ఫ్యాక్టరీలో కోడి రెక్కలు కోసే పని చేసేది. టీబీ మందులు ఆరు నెలలు, మొదటి రెండు నెలలు నాలుగు రకాలు, తర్వాత రెండు రకాలు. అక్కడ నర్సు వెళ్ళి కళ్ళెదురుగా మింగించాలి. ఈ పద్ధతికి వేళ్ళు మన మద్రాసులోనే ఉన్నాయి. 1956లో మొదలైన అక్కడి అధ్యయనమే, శానటోరియంలో పెట్టకుండా ఇంట్లో ఉంచి మందులిచ్చినా టీబీ అంతే బాగా తగ్గుతుందని ప్రపంచానికి చూపించింది. మన ఎర్రగడ్డ, అనంతగిరి శానటోరియంల కాలం చూసినవాళ్ళకు అదెంత పెద్ద మార్పో తెలుస్తుంది. సరే, ఈమె నర్సు వచ్చినప్పుడల్లా తలుపు తీయట్లేదు. కౌంటీకి అధికారం ఉంది, ఐసొలేషన్ ఆర్డరు మీద సంతకం పెట్టి పోలీసును పంపొచ్చు. ఆర్డరు టైపు చేసి అభిప్రాయం కోసం నాకిచ్చారు. నేను ఒక్క రోజు గడువు అడిగి, దుబాసీని వెంటబెట్టుకుని వాళ్ళ ట్రైలర్ ఇంటికి వెళ్ళాను.

చాలాసేపు మెట్ల మీదే కూర్చున్నాం. చివరికి తలుపు తీసింది. తాగడానికి ఎర్రటి చల్లని పానకం ఇచ్చింది. నోట్లో పెట్టుకోగానే గుర్తుపట్టాను, పుంటికూర పులుపు. వాళ్ళు కాయ మీది ఎర్ర రెక్కలు నానబెట్టి చక్కెర వేసుకుంటారు, మనం ఆకు వండుకుంటాం. మొక్క ఒకటే. మా ఇంట్లో దాన్ని పప్పులో వేస్తామని చెబితే ఆమె మొదటిసారి నవ్వింది. అప్పుడు అసలు సంగతి చెప్పింది. నర్సు కారు మీద కౌంటీ ముద్ర ఉంటుంది. ఆ కారు ఇంటి ముందు ఆగితే పక్కవాళ్ళు ఫ్యాక్టరీలో చెప్తారని భయం. అంతే. నర్సు మర్నాటి నుంచి తన సొంత కారులో, బట్టలుతుక్కునే లాండ్రీ వెనక వైపుకి వెళ్ళింది. ఆరు నెలల్లో ఒక్క మోతాదు తప్పలేదు. ఆ ఆర్డరు సంతకం లేకుండా నా డ్రాయరులోనే ఉండిపోయింది.

ఆ తర్వాత ప్రివెంటివ్ మెడిసిన్‌లో రెసిడెన్సీ చేశాను. నీకు పనికొచ్చే దారి అదే. ఒక ఏడాది హాస్పిటల్ ట్రైనింగ్ అయ్యాక మామూలుగా రెండేళ్ళు, ఎంపీహెచ్ అందులోనే కలిసి వస్తుంది, జీతమూ వస్తుంది. మన పిల్లల్లో చాలామందికి ఇలాంటి స్పెషాలిటీ ఉందనే తెలియదు. డాలస్ అబ్బాయి చెప్పింది అక్షరాలా నిజం. లైసెన్సు ఉన్న డాక్టరుకు ఆ శాఖలో ఒక తలుపు, లేనివాళ్ళకు ఇంకో తలుపు. రెండో తలుపులోంచి వెళ్ళి గొప్ప పనులు చేసినవాళ్ళున్నారు, కానీ దానికోసం ఇల్లు తాకట్టు పెట్టమని నేను చెప్పను.

కౌంటీ హెల్త్ ఆఫీసర్ పనంటే ఏమిటో కూడా చెప్పాలి. ఇక్కడి డీఎంహెచ్ఓ (జిల్లా వైద్యాధికారి) పని కొంత, జీహెచ్ఎంసీ పని కొంత ఒకే గొడుగు కింద ఉంటాయనుకో. టీకాలు, టీబీ, హోటళ్ళ తనిఖీ, బావి నీళ్ళ పరీక్ష, సెప్టిక్ ట్యాంకుల పర్మిషన్లు, దోమలు, జనన మరణ సర్టిఫికెట్లు. మీ అమ్మగారు అన్న మోరీలు అక్కడా ఉంటాయి, వాటి మీద సంతకం పెట్టేది డాక్టరమ్మే. డబ్బులు కొంత రాష్ట్రం, కొంత కేంద్రం గ్రాంటు, కొంత స్థానిక పన్ను. ఏటా బడ్జెట్ మీటింగులో ఎన్నికైన కమిషనర్ల ముందు నిలబడి ఒక్క నర్సు పోస్టు కోసం బతిమాలాలి. జబ్బు రాకుండా ఆపితే కనిపించేదేమీ ఉండదు కదా, కనిపించనిదానికి డబ్బు అడగడమే ఈ ఉద్యోగంలో సగం.

ఒక నెల గురించి తప్పకుండా చెప్పాలి. 2009 మే. అప్పుడు నేను డిప్యూటీని, హెచ్1ఎన్1 వచ్చి మేం రాత్రింబవళ్ళు ఆఫీసులోనే. మన దేశంలో మొదటి కేసు హైదరాబాద్‌లోనే తేలింది, అమెరికా నుంచి శంషాబాద్‌లో దిగిన ఒక కుర్రాడు. ప్రపంచంలోని టీవీలన్నీ ఎయిర్‌పోర్టు చూపించాయి. అదే నెల మన భోలక్‌పూర్‌లో కలుషితమైన నల్లా నీళ్ళు తాగి జనం చచ్చిపోయారు. ఆ వార్త నాకు అక్కడ ఏ ఛానల్లోనూ కనబడలేదు, అమ్మ ఫోన్‌లో చెప్తే తెలిసింది. ఎయిర్‌పోర్టు కుర్రాడు కోలుకున్నాడు. ఆ రాత్రి ఆఫీసులో మా జిల్లా మ్యాపు ముందు నిలబడి మా భోలక్‌పూర్ ఎక్కడుందా అని వెతికాను. ట్రైలర్ పార్కులో సామూహిక బావి ఒకటి ఉంది, రెండేళ్ళుగా ఎవరూ పరీక్షించలేదు. మర్నాడు పొద్దున్నే శాంపిల్‌కి మనిషిని పంపాను.

కోవిడ్ గురించి ఎక్కువ రాయలేను, ఇంకా గొంతు పట్టేస్తుంది. 2020 ఏప్రిల్లో కార్మికులు ఒకరి భుజానికొకరు ఆనుకుని నిలబడే ఒక మాంసం ఫ్యాక్టరీలో కేసులు మొదలయ్యాయి. వాళ్ళ అడ్రసులు అడిగితే యాజమాన్యం ఈ రోజు, రేపు అంటూ తొమ్మిది రోజులు తిప్పింది. అప్పుడు నాకు మల్లేపల్లి గది గుర్తొచ్చింది. కార్మికులు షిఫ్టుకు ఎలా వస్తారు? పది మంది కలిసి ఒక వ్యానులో. ఆ వ్యాన్లు నడిపేవాళ్ళను షిఫ్టు మారే వేళ గేటు బయట కలిశాం, నేనూ, ఇద్దరు నర్సులూ. ఎవరు ఏ ఇంట్లో ఉంటారు, ఎవరితో కలిసి వస్తారు, ఎవరు రెండు రోజులుగా రావట్లేదు, అన్నీ వాళ్ళకు నోటికి తెలుసు. రెండు రాత్రుల్లో జాబితా తయారైంది. కొందరిని అప్పటికే ఆలస్యంగా చేరాం. వాళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి.

మాస్కుల మీద మీటింగ్ పెడితే "మీ దేశం వెళ్ళిపో" అని అరిచారు. ఇంటి బయట నిలబడి బోర్డులు పట్టుకున్నారు, మా ఆయన కర్టెన్లు మూసి నా పక్కన కూర్చున్నారు. ఆ ఏడాది డిసెంబరు నాటికి అమెరికా మొత్తం మీద రాష్ట్ర, స్థానిక ఆరోగ్యశాఖల నాయకుల్లో 180 మందికి పైగా రాజీనామా చేయడమో, రిటైరవడమో, తీసేయబడటమో జరిగింది. నేను ఉన్నాను. లాండ్రీ వెనక మందులిచ్చిన ఆ నర్సు రోజూ పొద్దున ఏడింటికే వచ్చి కూర్చునేది. ఆమె వస్తుంటే నేనెలా మానేస్తాను?

ఇక నీ ప్రశ్నకు. వెళ్ళగలవు. నేను వెళ్ళాను, నాలాంటివాళ్ళు ఇంకా ఉన్నారు. కానీ పన్నెండు, పదిహేనేళ్ళ దారి అది, ప్రతి మలుపులో వీసా ఉంటుంది. ఆ దారి పట్టేముందు ఇక్కడ కనీసం ఏడాది గడప గడపకూ తిరుగు. నన్ను కౌంటీ ఆఫీసర్ని చేసిన చదువు కోఠిలో, అఫ్జల్‌గంజ్ బస్సులో జరిగింది. నాన్నగారితో గొడవ పడకు. ఒక రోజు ఆయన్నే ఆ గల్లీకి తీసుకెళ్ళి ఆ పైపు చూపించు.

బస్తీ దవాఖానా ఎం.ఓ.:

మేడం గారు రాసింది చదివి కాసేపు మాట రాలేదు. ఇక్కడి దారి గురించి నేను చెప్తా.

2016లో అంబర్‌పేట దగ్గర మురుగునీటి శాంపిల్‌లో టీకా నుంచి పుట్టిన టైప్-2 పోలియో వైరస్ కనబడింది. పిల్లలెవరికీ జబ్బు రాలేదు. కానీ అప్పటికే, ఏప్రిల్ 25న, దేశమంతా చుక్కల మందులోంచి టైప్-2 తీసేశారు, కాబట్టి ఇంజెక్షన్ టీకాయే వేయాలి. ఆ టీకాకేమో ప్రపంచంలోనే కొరత. అందుకని 0.5 ఎంఎల్ బదులు చర్మం పొరలో 0.1 ఎంఎల్ ఇవ్వాలని నిర్ణయించారు. జూన్‌లో వారం రోజుల్లో 3 లక్షల 11 వేల మంది పిల్లలకు వేశాం. నేను అప్పుడు కాంట్రాక్ట్ మీద కొత్తగా చేరాను. మా ఏఎన్ఎం అమ్మలు ముందురోజు రాత్రి దాకా సూది పక్కకు వాల్చి, చర్మం మీద చిన్న బొబ్బ లేచేలా ఎక్కించడం ప్రాక్టీస్ చేశారు. తల్లులేమో "పోలియో అంటే చుక్కలు గదా సార్, సూదెందుకు" అని తలుపు దగ్గరే ఆపేవాళ్ళు. ఒక్కో గడప దగ్గర పది నిమిషాలు. దేశంలో ఎవరూ అంతకుముందు ఇంత పెద్ద ఎత్తున చేయని పని మన హైదరాబాద్‌లో జరిగింది, అది చేసింది ఆ అమ్మలే.

దారులంటే, ఎండీ కమ్యూనిటీ మెడిసిన్ మూడేళ్ళు. ఎంపీహెచ్ కావాలంటే ఇక్కడే ఐఐపీహెచ్ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్) ఉంది, హెచ్‌సీయూలో ఉంది. చెన్నైలో ఐసీఎంఆర్ వాళ్ళ ఎన్ఐఈ (ఎపిడెమియాలజీ సంస్థ) ఉంది. అమెరికా సీడీసీ 1951లో పెట్టిన ఈఐఎస్ (జబ్బులు ప్రబలిన చోటికి వెళ్ళి ఆరా తీయడం నేర్పే) ట్రైనింగ్ లాంటిదే మన దేశంలోనూ 2012 నుంచి ఢిల్లీ ఎన్‌సీడీసీలో నడుస్తోంది. డబ్ల్యూహెచ్ఓ వాళ్ళ సర్వైలెన్స్ మెడికల్ ఆఫీసర్ పోస్టులుంటాయి, అందులో చేసినవాళ్ళకు జిల్లా మొత్తం చేతి గీతల్లా తెలుస్తుంది. పీహెచ్ఎఫ్ఐని (పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా) మొదట నడిపించిన శ్రీనాథ్ రెడ్డి గారు కూడా మన ఉస్మానియాలోనే చదివారు, గుండె డాక్టరుగా ఉండి ఇటు వచ్చారు. మీ నాన్నగారికి ఆ మాట చెప్పండి.

దాపరికం లేకుండా ఇంకోటి కూడా చెప్పాలి. కాంట్రాక్ట్ ఉద్యోగాల్లో జీతం లేటవుతుంది, ప్రతి ఏడాదీ రెన్యువల్ టెన్షన్. నాకు ఇద్దరు పిల్లలు, రెండుసార్లు మానేద్దామనుకున్నాను. అయినా వారానికి రెండు రోజులు, బుధవారం, శనివారం, టీకాల రోజున మా దవాఖానా ముందు తల్లులు కూర్చుని ఉంటే లోపలికి నడిచేటప్పుడు చాలా బలంగా అనిపిస్తుంది. మీకు వీలైతే ఒక శనివారం రండి. మెసేజ్ పెట్టండి, మా ఏఎన్ఎం అమ్మతో పంపిస్తా.

కోఠి హౌస్ సర్జన్:

మేడం, సార్, ఏమని థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. మేడం, మీది మూడుసార్లు చదివాను. అమ్మకు పైకి చదివి వినిపించాను, పుంటికూర దగ్గర ఆగమని మళ్ళీ చదివించుకుంది. ఒక్క సందేహం. ఇప్పుడే స్టెప్ 1 (అమెరికా లైసెన్సు పరీక్షల్లో మొదటిది) రాసి పెట్టుకోవాలా, లేక ఏడాది ఆగాలా? ఆగితే చదువు మర్చిపోతానని భయం.

తార్నాక, 1988 బ్యాచ్:

చదువు మర్చిపోతావన్న భయం నిజమైనదే, కొట్టిపారేయను. స్టెప్ 1కి 2022 జనవరి నుంచి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. కాబట్టి హౌస్ సర్జన్సీ అయిన వెంటనే ఆర్నెల్లు కూర్చుని రాసెయ్. కానీ ఫెయిలైతే అది రికార్డులో ఉండిపోతుంది, పూర్తిగా తయారయ్యాకే వెళ్ళు. దానితోపాటు వారానికి రెండు రోజులు సార్ చెప్పిన దవాఖానాకి వెళ్ళు. రాసిన పరీక్ష కొన్నేళ్ళ దాకా చెల్లుతుంది, ఇక్కడే ఎండీ చేయాలనిపిస్తే నష్టపోయేది ఫీజు మాత్రమే. లోన్ మాట మాత్రం ఈ ఏడాది ఇంట్లో ఎత్తకు.

వెళ్ళేటప్పుడు ఒక చిన్న నోటుబుక్కు పట్టుకెళ్ళు. ఫోన్‌లో రాస్తే ఎదుటివాళ్ళు ఫోటో తీస్తున్నావనుకుని మాట ఆపేస్తారు.

కోఠి హౌస్ సర్జన్:

నిన్న శనివారం వెళ్ళాను మేడం, నోటుబుక్కుతోనే. ఏఎన్ఎం అమ్మ వెంట మధ్యాహ్నం దాకా ముప్పై నాలుగు ఇళ్ళు తిరిగాం. లిస్టులో ఉన్న ఒక పాపకు తొమ్మిది నెలల మీజిల్స్ టీకా వేయాలి. గదికి తాళం ఉంది. ఏఎన్ఎం అమ్మ తాళం అని రాసుకుని ముందుకు వెళ్ళబోతుంటే నేను పక్కింటావిడను అడిగాను, ఏ ఇంటికి వెళ్ళారని. బిల్డింగ్ పని అయిపోయి మేస్త్రీ వాళ్ళను ఉప్పల్ దగ్గర ఇంకో సైటుకు తీసుకెళ్ళాడట. మేస్త్రీ నంబరు ఆవిడ గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకుంది.

ఫోన్ చేశాం. ఆ సైటులోనే ఇంకో ఆరుగురు చిన్నపిల్లలున్నారని చెప్పాడు. ఆ సైటు ఏ దవాఖానా కిందికి వస్తుందో సార్ కనుక్కుంటున్నారు. బుధవారం అక్కడికి వెళ్తున్నాం. నాన్న బండి మీద దింపుతానన్నారు.